యూనివర్సిటీ లీగ్ సీజన్‌కి మికాసా వీ200డబ్ల్యూ: బంతి మంచిదే, గాలి దగ్గరే జాగ్రత్త

యూనివర్సిటీల మధ్య జరిగే వాలీబాల్ లీగ్‌లో సగం మ్యాచ్‌లు సొంత కోర్టులో, సగం ప్రత్యర్థి కోర్టులో ఉంటాయి. ఎక్కడికి వెళ్లినా నెట్ ఎత్తు మారదు: మగవాళ్లకి 2.43 మీటర్లు, ఆడవాళ్లకి 2.24. కోర్టు పొడవు 18 మీటర్లు, వెడల్పు 9 మీటర్లే. మారేదల్లా బంతి, ఆ బంతిలోని గాలి. సీజన్ మొత్తానికి మికాసా వీ200డబ్ల్యూ తీసుకోవాలా వద్దా అని ఆలోచించే జట్లకి ముందే తేల్చి చెప్పొచ్చు. మ్యాచ్ బంతిగా ఇది కళ్లు మూసుకుని కొనదగ్గది. రోజువారీ ప్రాక్టీసుకి మాత్రం దీన్ని అరగదీయడం దండగ. దీని మీద వినపడే ఫిర్యాదుల్లో చాలావాటికి బంతితో సంబంధం లేదు, గాలి కొట్టే పద్ధతిలోనే ఉంది తిరకాసు.

2008 బీజింగ్ ఒలింపిక్స్ నుంచి అంతర్జాతీయ మ్యాచ్‌లలో కనిపించిన మికాసా పాత బంతి ఎంవీఏ200కి 8 ప్యానెళ్లు (పై తొడుగు ముక్కలు) ఉండేవి. దాని స్థానంలో 2019లో వచ్చిన వీ200డబ్ల్యూకి 18 ప్యానెళ్లు, పసుపు, నీలం రంగులు. టోక్యోలో, పారిస్‌లో ఆడింది ఈ బంతితోనే. పైన మైక్రోఫైబర్ తొడుగు, దాని మీద చిన్న చిన్న గుంటలు. ప్యానెళ్లు కుట్టినవి కావు, అతికించినవి. అంతర్జాతీయ సమాఖ్య నియమాల ప్రకారం చుట్టుకొలత 65 నుంచి 67 సెంటీమీటర్లు, బరువు 260 నుంచి 280 గ్రాములు, లోపలి గాలి ఒత్తిడి చదరపు సెంటీమీటరుకి 0.30 నుంచి 0.325 కిలోలు, అంటే 4.26 నుంచి 4.61 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) ఉండాలి. ఈ చివరి అంకెల మధ్య ఎంత తక్కువ తేడా ఉందో గుర్తు పెట్టుకోండి, అసలు కథంతా అక్కడే.

చేతికి ఎలా ఉంటుందంటే, మెత్తగా ఉంటుంది, కానీ జారదు. దీని విలువ ముందు తెలిసేది సెట్టర్‌కి, అంటే స్పైక్ కోసం బంతిని పైకి లేపి అందించే ఆటగాడికి. వేళ్ల కొసలు గుంటల మీద ఆనుకుంటాయి కాబట్టి, చెమట పట్టిన చేతులతో నాలుగో సెట్ ఆడుతున్నా బంతి రెండు చేతుల్లోంచీ ఒకే సమయంలో వదులుతుంది, డబుల్ టచ్ (బంతి వరసగా రెండుసార్లు తగలడం) విజిల్ పడే భయం తగ్గుతుంది. వెనక వరుసలో బంతిని అందుకునే లిబెరోకి ముంజేతుల మీద దెబ్బ తక్కువ. జంప్ సర్వ్ చేసేవాళ్లకి టాప్‌స్పిన్ (బంతి ముందుకి తిరుగుతూ పోవడం) బాగా పట్టుకుంటుంది. ఫ్లోటర్ (తిరగకుండా గాలిలో ఊగుతూ వెళ్లే సర్వ్) వేసేవాళ్లు మాత్రం కాస్త అలవాటు పడాలి. అరచేతి మడమతో బంతి నడిమధ్యన పొడిగా తట్టి చెయ్యి అక్కడే ఆపేయాలి, ఏ కొంచెం పక్కన తగిలినా ఈ తొడుగు పట్టుకి బంతి తిరగడం మొదలుపెడుతుంది. తిరిగిందంటే ఫ్లోటర్ పోయినట్టే. సర్వ్‌కి ముందు వాల్వ్‌ని ప్రతిసారీ ఒకే వైపు పెట్టుకునే అలవాటు ఈ బంతితో బాగా ఉపయోగపడుతుంది. కొట్టే చోట ఎప్పుడూ ఒకే ప్యానెల్ ఉంటుంది, చేతికి ఒకే స్పర్శ తెలుస్తుంది.

ఇక గాలి సంగతి. అనుమతించిన ఒత్తిడిలో పై అంకెకీ కింది అంకెకీ తేడా 0.025. గది ఉష్ణోగ్రత దగ్గర, బంతిలోని గాలి 10 డిగ్రీలు వేడెక్కితే ఒత్తిడి సుమారు 0.045 పెరుగుతుంది, అంటే ఆ తేడాకి దాదాపు రెట్టింపు. సామాన్ల గదిలో 20 డిగ్రీల దగ్గర 0.31కి సరిగ్గా కొట్టిన బంతి, జనంతో నిండి 30 డిగ్రీలకి చేరిన హాల్లో 0.35 దాటేస్తుంది. అదే బంతిని చల్లటి హాల్‌కి తీసుకెళితే 0.27కి పడిపోతుంది. రెండూ నియమాలకి బయటే. ఒత్తిడి ఎక్కువైతే మొదటి పాస్ అనుకున్న చోటు దాటి నెట్ మీదికో, అవతలికో పోతుంది. "లిబెరో ఇవాళ ఫామ్‌లో లేడు" అని బెంచీ మీద నిట్టూర్చే మ్యాచ్‌లలో కొన్నింటికి కారణం ఇదే. తక్కువైతే సెట్టర్ చేతుల్లో బంతి ఒక క్షణం ఎక్కువ ఆగుతుంది, రిఫరీ కంటికి అది పట్టుకున్నట్టు కనిపిస్తుంది. స్పైకర్ కొట్టిన దెబ్బలో ఊపు చచ్చిపోతుంది.

అందుకని మ్యాచ్ బంతుల్ని కనీసం గంట ముందు, ఆడబోయే హాల్లోనే, సంచుల్లోంచి తీసి బయట పెట్టాలి. ఆ తర్వాతే గాలి కొట్టాలి. సూదికి ఒక చుక్క గ్లిజరిన్ గానీ సిలికాన్ నూనె గానీ రాయండి, ఏదీ లేకపోతే నీళ్లతో తడిపినా చాలు. పెట్రోలియం నూనెలు వద్దు, రబ్బరుని పాడుచేస్తాయి. పొడి సూదిని గుచ్చితే వాల్వ్ లోపలి పెదవులు చిరుగుతాయి, ఆ తర్వాత బంతి రోజూ కొంచెం కొంచెం గాలి వదులుతూనే ఉంటుంది. సూదిని నిటారుగా పట్టి, మెల్లగా తిప్పుతూ దించాలి. ఏటవాలుగా నొక్కితే సూది వంగుతుంది, ఇంకా బలవంతం చేస్తే వాల్వ్ లోపలికి జారిపోతుంది, అప్పుడు ఆ బంతిని బాగుచేయడం దాదాపు అయ్యేపని కాదు. 0.33 లేక 0.34 దాకా కొట్టి పది నిమిషాలు వదిలేయండి. పంపు కొట్టేటప్పుడు గాలి వేడెక్కుతుంది, బ్లాడర్ (లోపలి గాలి తిత్తి) కూడా ఇంకా సాగుతూ ఉంటుంది, కాబట్టి వెంటనే చూసిన రీడింగ్ నిలబడదు. పది నిమిషాల తర్వాత గేజ్ పెట్టి, ఎక్కువైన గాలిని వదులుతూ 0.31 దగ్గర ఆపాలి. గేజ్ గుచ్చిన ప్రతిసారీ కాస్త గాలి పోతుంది. అందుకే పై నుంచి కిందికి దించుకుంటూ రావడమే మేలు, కింద నుంచి పైకి ఎక్కించబోతే పంపు, గేజ్ మార్చి మార్చి గుచ్చుతూ కూర్చోవాలి.

గేజ్ గురించి ఒక మాట. వాహనాల టైర్లకి వాడేది ఇక్కడ పనికిరాదు. దాని స్కేలు 100 పీఎస్ఐ దాకా పోతే మనకి కావలసిన 4.4 మొదటి గీతకి అటో ఇటో పడుతుంది. 0 నుంచి 1 కిలో వరకో, 0 నుంచి 15 పీఎస్ఐ వరకో చూపించే చిన్న గేజ్ తీసుకోవాలి, సీజన్ అంతా ఒక్క గేజ్‌నే వాడాలి. రెండు గేజ్‌లు ఒకే అంకె చూపించడం అరుదు. జట్టులో ఒకరికే ఆ బాధ్యత అప్పగించండి.

ప్రయాణాల్లో ఎత్తు కూడా లెక్కలోకి వస్తుంది. సముద్ర మట్టం నుంచి 1,000 మీటర్ల ఎత్తుకి వెళితే బయటి గాలి పీడనం తగ్గి, బంతిలో గేజ్ చూపించే ఒత్తిడి సుమారు 0.1 పెరుగుతుంది. 0.31 కాస్తా 0.41 అవుతుందన్నమాట. కొండ ప్రాంతపు క్యాంపస్‌లో మ్యాచ్ ఉంటే అక్కడికి చేరాకే సరిచేసుకోవాలి. విమానంలో వేసేటప్పుడు ఇంకా జాగ్రత్త పడాలి. ఎగిరే విమానం లోపలి పీడనం రెండు వేల మీటర్ల పైన ఉండేదానికి దగ్గరగా ఉంటుంది. నిండా గాలి ఉన్న బంతి పగిలిపోదు గానీ, గంటల తరబడి ఉబ్బి ఉండడం అతుకులకి మంచిది కాదు. బయలుదేరే ముందు వేలితో నొక్కితే లొంగేంత గాలి తీసేయండి. అలాగని మొత్తం ఖాళీ చేసి మడత పెట్టకూడదు. మడత పడ్డ చోట ప్యానెల్ అంచు లేస్తుంది.

ప్రత్యర్థి యూనివర్సిటీ మోల్టెన్ బంతితో ఆడిస్తే సంగతి వేరు. మికాసా, మోల్టెన్ రెండు కంపెనీలదీ హిరోషిమానే. ఒకే ఊరి కంపెనీలైనా బంతుల తీరు మాత్రం వేరు. మోల్టెన్ వీ5ఎం5000 మీద గుండ్రటి గుంటలు ఉండవు, షట్కోణాల అల్లిక ఉంటుంది. అది వేలికి కాస్త గట్టిగా తగులుతుంది. సెట్టర్లకి, రిసీవర్లకి ఆ తేడా మొదటి సెట్ అంతా ఇబ్బంది పెడుతుంది. అవతలి కోర్టులో వాడే బంతి ఏదో వారం ముందే కనుక్కుని, అలాంటివి రెండు తెచ్చుకుని సర్వ్ రిసీవ్ చేయించడం చాలా అవసరం. ఆ వారం స్పైకింగ్ కన్నా రిసీవ్‌కే ఎక్కువ సమయం ఇవ్వండి. ఒకే మ్యాచ్‌లో రెండు రకాలు కలపడానికి వీల్లేదు. వాడే బంతులన్నీ చుట్టుకొలత, బరువు, ఒత్తిడి, రకం, రంగు అన్నింట్లో ఒకేలా ఉండాలని నియమం.

నియమం అంతవరకే చెబుతుంది, అరుగుదల గురించి చెప్పదు. మూడు బంతులు మార్చి మార్చి ఆడే మ్యాచ్‌లో ఒకటి కొత్తది, రెండు పాతవి అయితే సర్వర్ చేతికి ప్రతి పాయింటుకీ వేరే బంతి వచ్చినట్టు ఉంటుంది. ఈ బంతిలో ఇది మరీ ఎక్కువగా తెలుస్తుంది. కొత్తదాని తొడుగు పట్టుగా ఉంటుంది, వాడేకొద్దీ గుంటల్లో దుమ్ము, చెమట ఉప్పు చేరి నున్నబడుతుంది. కాబట్టి మ్యాచ్ బంతుల్ని ఒకేసారి కొని, ఒకేసారి వాడకంలోకి తెచ్చి, సమానంగా తిప్పాలి. వాల్వ్ పక్కన చిన్నగా నంబరు, మొదలుపెట్టిన తేదీ రాసుకోండి. 14 మంది జట్టుకి మ్యాచ్‌ల కోసం వీ200డబ్ల్యూ ఆరు చాలు: మూడు ఆటలో, ఒకటి సిద్ధంగా, రెండు వార్మప్‌కి. ప్రాక్టీసుకి అదే 18 ప్యానెళ్ల తీరులో వచ్చే వీ300డబ్ల్యూ పది పన్నెండు తీసుకుంటే ఇద్దరికి ఒకటి చొప్పున సరిపోతాయి, సర్వ్ ప్రాక్టీసు కూడా ఆగకుండా సాగుతుంది. మ్యాచ్‌కి ముందు రెండు రోజులు మాత్రం మ్యాచ్ బంతులే బయటికి తీయాలి.

సిమెంటు నేల మీద, మట్టి కోర్టులో దీన్ని ఆడించకండి. మైక్రోఫైబర్ ముందు గరుకెక్కుతుంది, తర్వాత ప్యానెళ్ల అంచుల దగ్గర పొట్టు లేస్తుంది. ఇది చెక్క నేలకీ, సింథటిక్ నేలకీ పుట్టిన బంతి. ఆరుబయట లీగ్ ఆడే జట్లు దీని జోలికి పోకపోవడమే మంచిది, గట్టి తొడుగు ఉన్నది చూసుకోవాలి. శుభ్రం చేయడానికి తడిపి గట్టిగా పిండిన గుడ్డ చాలు, తర్వాత నీడలో ఆరబెట్టాలి. స్పిరిట్, శానిటైజర్ లాంటివి పూస్తే పట్టు పోతుంది. కాలితో తన్నడం, మీద కూర్చోవడం అస్సలు వద్దు. ఒక్కసారి గుండ్రం చెడితే గాలిలో ఊగుతుంది, అది ఏ సర్వరూ కావాలని వేసిన ఫ్లోటర్ కాదు, ఎవరూ ఆపలేరు. అనుమానం వస్తే దర్జీ టేపుతో మూడు దిక్కుల్లో చుట్టుకొలత తీయండి. మూడు అంకెల మధ్య అర సెంటీమీటరుకి మించి తేడా ఉంటే దాన్ని ప్రాక్టీసు బుట్టలో పడేయండి.

కొనేటప్పుడు నకిలీలు తగులుతాయి. రంగులు, అచ్చు చూసి పోల్చుకోవడం కష్టం, తూకం మాత్రం చాలావాటిని పట్టిస్తుంది. వంటింటి ఎలక్ట్రానిక్ కాటా మీద పెడితే 260, 280 మధ్య ఉండాలి. తర్వాత ప్యానెళ్ల అతుకుల మీద గోరు నడిపించండి. అసలు బంతిలో అంచులన్నీ ఒకే మట్టంలో ఉంటాయి, నకిలీలో అక్కడక్కడ గోరు తట్టుకుంటుంది. ఒకే ఎత్తు నుంచి రెండు బంతుల్ని పక్కపక్కన వదిలి ఎగురుడు పోల్చడం మూడో పరీక్ష. దానికి ముందు రెండింటిలో ఒత్తిడి సమానం చేయకపోతే ఆ పరీక్షకి అర్థం లేదు.

సీజన్ అయ్యాక ఒత్తిడిని 0.2 దాకా తగ్గించి, ఎండ తగలని చోట ఒకదాని మీద ఒకటి బరువు పడకుండా వలలో వేలాడదీయండి. వచ్చే ఏడాది మళ్లీ గాలి కొట్టినప్పుడు రెండు రోజులు ఆగి గేజ్ చూడాలి. బాగా పడిపోతే తప్పు చాలాసార్లు వాల్వ్‌ది, కొన్నిసార్లు బ్లాడర్‌ది. వాల్వ్ మీద ఒక చుక్క సబ్బు నీళ్లు వేస్తే తెలిసిపోతుంది. అక్కడ బుడగ లేవకపోతే బ్లాడరే పోయినట్టు, ఆ బంతిని పక్కన పెట్టేయాలి. చుట్టుకొలత 67 దాటినవాటిని కూడా అంతే, ఎంత బాగా కనిపించినా మ్యాచ్ సంచిలోకి తిరిగి రానివ్వకండి.