బల్లార్షా ఎండల్లో క్రియాటిన్: ఏడాదిన్నర వాడాక

నేను పోటీలకెళ్లే బాపతు కాదు. మా బల్లార్షాలో రేకుల కప్పున్న చిన్న జిమ్ ఒకటుంది. పొద్దున ఐదున్నరకు అక్కడుంటా, ఎనిమిదికి డ్యూటీ. ఏడాదిన్నరగా రుచి, రంగు కలపని మామూలు క్రియాటిన్ మోనోహైడ్రేట్ (బరువులెత్తేవాళ్లు బలం కోసం వేసుకునే పొడి) వాడుతున్నా. రోజుకు 3 గ్రాములు. 250 గ్రాముల డబ్బా ఎనభై రోజులు వస్తుంది.

మొదట్లో జిమ్‌లో అన్నల మాట విని, కండరాల్లోకి త్వరగా ఎక్కాలని ‘లోడింగ్’ పేరుతో రోజుకు 20 గ్రాములు, నాలుగు విడతలుగా వేసుకున్నా. రెండో రోజుకే కడుపులో గుడగుడ. మూడో రోజు డ్యూటీలో నేను తీసిన పరుగులు పగవాడికి కూడా వద్దు. ఆపేశా. రోజూ 3 గ్రాములే వేసుకున్నా మూడు నాలుగు వారాల్లో కండరాలు క్రియాటిన్‌తో నిండుతాయి, ఆ మాత్రం దానికి అంత తొందరెందుకు?

ఫలితం ఉంది, మాయేమీ లేదు. బెంచ్ మీద 60 కిలోలు ఎనిమిదిసార్లు ఎత్తేవాణ్ణి, రెండు నెలలకు పదికి వచ్చా. మొదటి నెలలోనే కిలోన్నర బరువు పెరిగా. అది కొవ్వు కాదు, కండరాల్లో చేరిన నీళ్లు. క్రియాటిన్ తిండిలో ఎక్కువగా మాంసం, చేపల నుంచే వస్తుంది. మా ఇంట్లో మాంసం ఆదివారమే కాబట్టి నాకు తేడా బాగానే తెలిసింది.

అసలు తిప్పలు మేలో మొదలయ్యాయి. ఇక్కడ ఎండ 45 డిగ్రీలు దాటడం మామూలే, పొద్దున ఆరింటికి కూడా రేకుల కింద గాలి ఉడికిపోతుంటుంది. ఒకరోజు స్క్వాట్లు అయ్యాక మెట్లు దిగుతుంటే కుడి పిక్క పట్టేసింది. నొక్కి చూస్తే రాయిలా ఉంది, బొటనవేలు దానంతటదే కిందికి వంగిపోయింది. గోడ పట్టుకుని అలాగే నిలబడ్డా. అందరూ తప్పు డబ్బా మీదకే నెట్టారు. నేనూ రెండు వారాలు మానేశా. పిక్క మాత్రం మళ్లీ పట్టింది.

బొగ్గు గనిలో ముప్పై ఏళ్లు చేసిన మా బాపు మంచం మీద నుంచే అడిగాడు: “ఆ పొడిని ఎందుకు తిడ్తవ్ రా? పొద్దున ఉప్పేసిన మజ్జిగ తాగినవా?”

తాగలేదు. మర్నాటి నుంచి జిమ్‌కు ముందొకసారి, వచ్చి చెమట తుడుచుకున్నాక ఒకసారి బరువు చూసుకున్నా. గంటలో 1.2 కిలోలు తగ్గుతున్నా, అదీ మధ్యలో అర లీటరు తాగాక! అంటే పోయిన చెమట దాదాపు 1.7 లీటర్లు. చెమటతో ఉప్పూ పోతుంది, ఉత్త నీళ్లే గడగడా తాగితే ఒంట్లో ఉన్న ఉప్పు ఇంకా పలచబడుతుంది. ఇప్పుడు బయల్దేరే ముందు రెండు గ్లాసుల నీళ్లు, మధ్యలో కొద్దికొద్దిగా, ఇంటికొచ్చాక చెంబెడు ఉప్పు మజ్జిగ. డబ్బా మళ్లీ మొదలుపెట్టా. ఆ ఎండాకాలం పిక్క ఇంకోసారి పట్టలేదు.

ఇంకొకటి. ఆఫీసు హెల్త్ చెకప్‌లో రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే అంకె) 1.4 వచ్చింది, కాస్త ఎక్కువే. ఇంట్లో ఒకటే టెన్షన్, కిడ్నీలు పోయాయని మా అమ్మ ఏడుపు. క్రియాటిన్ వాడేవాళ్లకు ఆ అంకె కాస్త పెరగొచ్చని చెప్పి డాక్టరు కిడ్నీల పనితీరునే ఇంకో రకంగా చూసే సిస్టాటిన్ సి పరీక్ష రాశారు, అది మామూలుగానే వచ్చింది. కిడ్నీ జబ్బు ముందే ఉన్నవాళ్లు మాత్రం డాక్టర్ని అడక్కుండా దీని జోలికి పోవద్దు.

కొట్టువాడి మీద మాత్రం కోపం ఉంది. మూడో డబ్బాకు సీలే సరిగా లేదు, పొడి గడ్డకట్టి ఉంది. మార్చమంటే “తెరిచాక తీసుకోం” అన్నాడు. తెరవకుండా గడ్డలెలా కనబడతాయయ్యా!