పొగాకు వేళ్లు, గ్రానైట్ చేతులు: వేలిముద్ర స్కానర్‌తో నా అనుభవం

ఒంగోలు నుంచి పొదిలి వెళ్లే రోడ్డు మీద ఒక ఊళ్లో బ్యాంకు పాయింట్ నడుపుతున్నాను. ఆధార్ నంబరు కొట్టి, వేలిముద్ర తీసుకుని, ఖాతాలోంచి డబ్బులు ఇచ్చే పని. కొన్నేళ్లుగా నా బల్ల మీద ఉన్నది అరచేతిలో పట్టేంత చిన్న వేలిముద్ర స్కానర్. ముందు ఎల్‌జీరో (L0) అనే పాత రకం వాడాను, ఇప్పుడు భద్రత ఎక్కువున్న ఎల్‌వన్ (L1) రకం వాడుతున్నాను. కొత్తగా పాయింట్ పెట్టాలనుకునే డ్వాక్రా అక్కచెల్లెళ్లు "ఏది కొనాలి" అని అడుగుతుంటారు, అందుకే ఇది రాస్తున్నాను. కంపెనీల పేర్లు చెప్పను. రెండు కంపెనీలవి వాడాను, వాటి మధ్య నాకు పెద్ద తేడా కనపడలేదు. తేడా అంతా ఆ అద్దం మీద ఎవరి వేలు పడుతుందన్న దాంట్లోనే ఉంది.

ముందు మంచి చెప్పాలి. ఈ యంత్రం వచ్చాక మా ఊరి వాళ్లకు బ్యాంకు దగ్గరైంది. సంతకం రాదని, ఫారం నింపడం తెలియదని ఎవరినో బతిమాలుకునే అవసరం తప్పింది. ఉపాధి కూలి పడిందో లేదో చూసుకోవడానికి ఒక పూట పని మానుకుని ఆటో ఎక్కక్కర్లేదు. ఒక విడతకు 10,000 రూపాయల దాకా తీసుకోవచ్చు, మా వాళ్ల రోజువారీ అవసరాలకు అది చాలు. చదువుకునే పిల్లలు, ఉద్యోగస్తులు వేలు పెట్టీ పెట్టగానే పని అయిపోతుంది. వాళ్ల విషయంలో నేను ఒక్క ఫిర్యాదు కూడా చేయను.

ఇబ్బంది మొదలయ్యేది పొగాకు సీజన్లో. మా వైపు బ్యారన్లు అనే గదుల్లో ఆకు కాల్చడం, అంటే వేడికి ఆరబెట్టడం, తర్వాత గ్రేడింగు, అంటే ఆకును రకాలుగా ఏరడం, ఆ తర్వాత వేలం. ఈ నెలలన్నీ ఆడవాళ్ల వేళ్లకు పొగాకు జిగురు పట్టి ఉంటుంది. గ్రేడింగు నుంచి నేరుగా వచ్చిన అవ్వ చేతిని దగ్గరగా చూస్తే తెలుస్తుంది. బొటనవేలి కొసన నల్లటి పొర. దాని కింద సన్నటి పగుళ్లు. గీతలు ఉండాల్సిన చోట నున్నగా, మెరుస్తున్న చర్మం. వేలు అద్దం మీద పెడితే కింద ఎర్ర లైటు వెలుగుతుంది, ఫోన్ తెర మీద ఒక చక్రం తిరుగుతుంది, చివరికి "300" అని వస్తుంది, అంటే ముద్ర సరిపోలలేదని. ఇంకో వేలు పెట్టినా మళ్లీ 300. వెనక క్యూలో ఉన్నవాళ్లు ఆమె వైపే చూస్తుంటారు. "ఏందమ్మాయ్, నా డబ్బులు నాకే ఇయ్యదా ఈ మిషను?" అని ఒక అవ్వ అడిగింది. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేకపోయింది.

యంత్రం ఏం చూస్తుందో తెలిస్తే అది ఎందుకు కాదంటుందో అర్థమవుతుంది. వేలి మీద గీతలు ఎక్కడ ఆగిపోతున్నాయి, ఎక్కడ రెండుగా చీలుతున్నాయి, ఆ బిందువులే దానికి కావాలి. అవి ఆధార్ సర్వరుకు వెళతాయి. అక్కడ ముందే దాచి ఉన్న ముద్రతో పోల్చి చూసి, సరిపోతే ఔనని, లేకపోతే కాదని జవాబు వస్తుంది. గీతలు అరిగితే బిందువులు తగ్గుతాయి. చర్మం ఎండిపోతే అద్దానికి సరిగా అతుక్కోదు, ముద్ర ముక్కలుగా పడుతుంది. చీమకుర్తి క్వారీల్లో, పాలిషింగ్ ఫ్యాక్టరీల్లో పనిచేసే వాళ్లది ఇదే కష్టం. గ్రానైట్ పొడి, నీళ్లు, రాయి అంచులు కలిసి చర్మాన్ని రోజూ అరగదీస్తాయి. గెలాక్సీ అనే నల్ల గ్రానైట్ రాయిని అద్దంలా మెరిపించే చేతుల మీదే గీతలు మిగలవు. కొత్తపట్నం వైపు రొయ్యలు ఒలిచే పనికి వెళ్లి వచ్చిన వాళ్ల వేళ్లు ఐసులో నాని ముడతలు పడి ఉంటాయి. వాళ్లను సాయంత్రం కాకుండా మర్నాడు పొద్దున రమ్మంటాను. ఆషాఢంలో గోరింటాకు దట్టంగా పెట్టుకున్న వేళ్లు కూడా కొన్నిసార్లు మొరాయిస్తాయి.

దీనికి మా పాయింట్ల వాళ్లం కొన్ని చిట్కాలు నేర్చుకున్నాం. ఎండిన వేలిని నుదుటి మీద ఒకసారి రుద్దుకుని పెట్టమంటాం, ఆ కాస్త జిడ్డుకే గీత లేస్తుంది. పొగాకు జిగురుకు ముందు కొబ్బరినూనె రాసి, తర్వాత సబ్బుతో కడిగించాలి, ఉత్త నీళ్లకు అది కదలదు. వేలిని పొడిచినట్టు నిలువుగా పెట్టకూడదు, మెత్తగా పరిచినట్టు పెట్టాలి. మరీ గట్టిగా నొక్కితే గీతలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. బొటనవేలు పడకపోతే ఉంగరం వేలు పెట్టించి చూడాలి. పనిలో తక్కువ వాడే వేలు కాబట్టి అది తక్కువ అరుగుతుంది. ఏ మనిషికి ఏ వేలు పడుతుందో నేను నోటుబుక్కులో రాసుకున్నాను. ఆ పుస్తకం లేకుండా నేను పాయింట్ తెరవను.

తెర మీద వచ్చే అంకెలు కూడా తెలుసుకుని ఉండాలి. 300 అంటే ముద్ర సరిపోలలేదని. 330 అంటే ఆ మనిషి తన బయోమెట్రిక్‌ను, అంటే వేలిముద్ర లాంటి ఒంటి గుర్తులను, ఎవరూ వాడకుండా లాక్ చేసుకున్నారని. 811 వస్తే ఆధార్ రికార్డులో బయోమెట్రిక్ వివరాలు లేవని. వాళ్లను ఎన్నిసార్లు వేలు పెట్టించినా లాభం లేదు, ఆధార్ కేంద్రానికి పంపాలి. పిల్లల విషయంలో ఇంకొకటి ఉంది. 5 ఏళ్ల లోపు వేలిముద్రలు తీయరు. 5 ఏళ్లు నిండాక ఒకసారి, 15 నిండాక ఒకసారి అప్‌డేట్ చేయించాలి. ఇంటర్ చదివే కుర్రాడు వచ్చి "అక్కా, స్కాలర్‌షిప్ డబ్బులు తీసుకోవాలి, ముద్ర పడట్లేదు" అంటే ముందు నేను అడిగేది అదే.

ఇక భద్రత సంగతి. ఈ పద్ధతిలో ఓటీపీ లేదు, పిన్ లేదు. చదువురాని వాళ్లకు అది వరం. కానీ ముద్ర ఒకటి దొంగ చేతిలో పడితే పిన్ మార్చుకున్నట్టు వేలిని మార్చుకోలేం. భూమి దస్తావేజుల మీద ఉన్న వేలిముద్రల నుంచి రబ్బరు ముద్రలు తయారు చేసి జనం ఖాతాలు ఖాళీ చేసిన ముఠాలను మన తెలుగు రాష్ట్రాల్లోనే పోలీసులు పట్టుకున్నారు. అందుకే ఎల్‌జీరో నుంచి ఎల్‌వన్‌కు మారడం నాకు ఖర్చయినా నేను సంతోషంగానే మారాను. పాత రకంలో ముద్రను ఎన్‌క్రిప్ట్ చేసే, అంటే ఎవరూ చదవలేని రహస్య లిపిలోకి మార్చే పని ఫోన్లో ఉన్న సాఫ్ట్‌వేర్ చేసేది. ఎల్‌వన్‌లో అది యంత్రం లోపలి చిప్‌లోనే జరుగుతుంది, మధ్యలో ఎవరూ చెయ్యి పెట్టే వీలుండదు. పెట్టింది బతికున్న మనిషి వేలా, కాదా అన్నది కూడా చూస్తుంది. రోజూ నేను లాగిన్ అవ్వాలన్నా ముందు నా వేలిముద్ర పెట్టాల్సిందే. ఇది మంచి ఏర్పాటు, కాకపోతే ఎల్‌వన్ పాత దానికంటే కాస్త కఠినంగా ఉంటుంది. అరిగిన వేళ్లను అది ఇంకా ఎక్కువసార్లు తిప్పి పంపుతుందని నా అనుభవం.

మా పాయింట్‌కు వచ్చే వాళ్లందరికీ నేను చెప్పేది బయోమెట్రిక్ లాక్ పెట్టుకోమని. ఆధార్ సంస్థ సొంత యాప్‌లో పెట్టుకోవచ్చు, డబ్బు అవసరమైనప్పుడు కాసేపటికి తెరుచుకోవచ్చు, తర్వాత దానంతటదే మూసుకుంటుంది. స్మార్ట్‌ఫోన్ లేని అవ్వలకు కొడుకో మనవడో చేసిపెట్టాలి. ఇంకో మాట. "ముద్ర పడలేదు, మళ్లీ పెట్టు" అని ఎవరైనా అంటే స్లిప్ అడగండి, ఫెయిల్ అయినా స్లిప్ వస్తుంది. పడిన ముద్రను పడలేదని చెప్పి రెండోసారి డబ్బు లాగే వాళ్లు ఉన్నారు, అలాంటి వాళ్ల వల్ల నిజాయితీగా పనిచేసే మా అందరి మీదా అనుమానం వస్తోంది. ఖాతాలో డబ్బు కట్ అయ్యి చేతికి రాకపోతే కంగారు పడొద్దు. లావాదేవీ జరిగిన రోజు నుంచి 5 రోజుల్లోపు తిరిగి జమ కావాలని, ఆలస్యమైతే రోజుకు 100 రూపాయల పరిహారం ఇవ్వాలని రిజర్వ్ బ్యాంక్ 2019లోనే చెప్పింది. మోసం జరిగిందనిపిస్తే వెంటనే 1930కి ఫోన్ చేయాలి.

వేలు ఎంతకీ పడని వాళ్లకు ఇప్పుడు ముఖంతో గుర్తించే పద్ధతి ఉంది, అయితే అన్ని బ్యాంకుల యాప్‌లలో లేదు. ఫోన్ కెమెరా ముందు కూర్చోబెడితే కళ్లు ఒకసారి మూసి తెరవమంటుంది, అంతే. క్వారీ కూలీలకు ఇది బాగా పనికొచ్చింది. వెలుతురు ముఖం మీద పడాలి, వీపు వెనక తలుపు తెరిచి ఉండకూడదు. నెల మొదటి తారీఖున 4 వేల పింఛను ఇవ్వడానికి ఇంటికొచ్చే సచివాలయం వాళ్లకు కూడా వేలు పడనప్పుడు ఇదే దిక్కు అవుతోంది. అరిగిన వేళ్లున్న వాళ్లకు మొదటే ముఖం పద్ధతి తెరవాలి, వేలు మూడు నాలుగు సార్లు ఫెయిల్ అయ్యేదాకా ఆగకూడదు. నలుగురిలో పదేపదే కాదనిపించుకోవడం పెద్దవాళ్లకు ఎంత అవమానమో ఈ బల్ల వెనక కూర్చుంటే తెలుస్తుంది. కష్టం చేసిన చేతులే అనుమానానికి గురవడం న్యాయం కాదు.

కొనేవాళ్లకు: ఎల్‌వన్ తప్ప వేరేది చూడొద్దు, సెకండ్ హ్యాండ్ వద్దు. ఆర్‌డీ సర్వీస్ (స్కానర్‌ను ఆధార్‌తో కలిపే సాఫ్ట్‌వేర్) ఎంతకాలం ఉచితమో అడగండి, గడువు అయిపోతే రెన్యువల్ కట్టేదాకా యంత్రం పనిచేయదు. నాకు ముందుగా పాడైంది కేబుల్, మలుపు దగ్గర. అద్దాన్ని మెత్తటి పొడి గుడ్డతో తుడవాలి, ముందు మనిషి ముద్ర మిగిలి ఉంటే తర్వాతి వాళ్లకు ఇబ్బంది. ఎండ నేరుగా పడే చోట పెట్టొద్దు.

యాప్‌లు తయారు చేసేవాళ్లకు ఒక విన్నపం. 300, 330 అని ఊరుకోకుండా కారణాన్ని తెలుగులో చూపించండి, వినిపించండి కూడా. ఫోన్‌పేలో పది రూపాయలు పడినా టీకొట్టులో డబ్బా తెలుగులో గట్టిగా చెబుతోంది. అవ్వకు తన డబ్బు ఎందుకు రాలేదో చెప్పడానికి కూడా అలాంటి డబ్బా చాలు.