ఏయూ ఔట్‌గేట్ దగ్గర బోర్డు లేని మెస్: కొత్తగా చేరేవాళ్ళ కోసం

పీజీసెట్ కౌన్సెలింగ్ అయిపోయి ఆంధ్రా యూనివర్సిటీలో సీటు ఖాయమైన వాళ్ళంతా ఇప్పుడు గదుల కోసం తిరుగుతూ ఉంటారు. గది ఎలాగోలా దొరుకుతుంది. తిండి ఎక్కడ అన్నది ముందు తేల్చుకోండి. నాది ఎమ్మెస్సీ ఆర్గానిక్ కెమిస్ట్రీ, మొదటి సంవత్సరం మొన్ననే అయింది. ఆ ఏడాదంతా చినవాల్తేరులో ఒక మెస్‌లోనే తిన్నాను. దానికి బోర్డు లేదు. ఔట్‌గేట్ నుంచి నడిచి వెళ్ళే దూరమే, ఆ వీధిలో ఎవరినడిగినా "పిన్ని మెస్" అని చూపిస్తారు.

రెండు పూటల భోజనానికి నెలకి 3,200 రూపాయలు, టిఫినుతో కలిపి 4,200. నెలవారీ కాకుండా అప్పుడప్పుడు తినేవాళ్ళకి ప్లేటు 80. అడ్వాన్సు లేదు.

మాది శ్రీకాకుళం జిల్లా కవిటి మండలం, ఉద్దానం ప్రాంతం. ఉద్దానం కిడ్నీ జబ్బుల సంగతి మన జిల్లాలో తెలియనివాళ్ళు లేరు, నీళ్ళ వల్లేనేమోనన్న భయం మా ఇంట్లోనూ ఉంది. నన్ను దింపడానికి వచ్చినప్పుడు నాన్న కూరలేంటని అడగలేదు, తాగేనీళ్ళు ఎక్కడివని అడిగారు. మెస్ నడిపే పిన్ని ఏమీ అనుకోకుండా వంటింట్లోకి తీసుకెళ్ళి ఫిల్టరు చూపించింది. సర్వీసు చేయించిన తేదీలు పక్కనే గోడమీద పెన్సిల్‌తో రాసి ఉన్నాయి. పప్పూ చారూ కూడా ఆ నీళ్ళతోనే. అక్కడే డబ్బు కట్టేసి నాన్న ఊరెళ్ళిపోయారు.

రుచి విషయానికొస్తే, పప్పు రోజూ బాగుంటుంది, చారు ఇంకా బాగుంటుంది. బుధవారం గుడ్డు, ఆదివారం మధ్యాహ్నం కోడికూర. నెలకి ఒకట్రెండుసార్లు వంకాయ, ఎండు నెత్తళ్ళు కలిపి వండుతుంది. ఆ రోజు ముందు బ్యాచ్‌లో కూర్చోకపోతే కూర దొరకదు. మజ్జిగ పలచన, గడ్డపెరుగు కావాలంటే కప్పు పది రూపాయలు. రాత్రి కూర చాలాసార్లు మధ్యాహ్నందే. ఇది నేను పిన్నితోనే చెప్పాను, ఇప్పటికీ మారలేదు. ఒంటిగంట నుంచి రెండు దాకా నాలుగు బల్లల దగ్గర నిలబడి ఎదురుచూడాలి. ఆదివారం రాత్రి మెస్ ఉండదు.

ఇంతకంటే రుచిగా వండే చోట్లు మద్దిలపాలెం వైపు ఉన్నాయి, నేనూ తిన్నాను. అయినా మొదటి ఏడాది వాళ్ళకి దీన్నే చెబుతాను. కారణం ఆ లెక్కల పుస్తకం.

గుమ్మం పక్కన పొడుగాటి నోటుపుస్తకం ఉంటుంది. పేరు ఎదురుగా పూటపూటకీ టిక్కు పెట్టాలి. ఊరెళ్తే ముందురోజు రాత్రే చెప్పాలి, చెబితే పూటకి 40 తగ్గిస్తారు. చెప్పకుండా మానేస్తే తగ్గించరు. ఆ పుస్తకాన్ని పిన్ని రోజూ రాత్రి తీరిగ్గా చూస్తుంది. డిగ్రీ దాకా ఇంట్లో ఉన్నవాళ్ళం కదా, అన్నం తిన్నావా అని అడిగే మనిషి లేకపోతే తినడం మానేయడం ఎంత తేలికో మొదటి సెమిస్టర్‌లోనే తెలుస్తుంది. ప్రాక్టికల్స్ అయ్యేసరికి సాయంత్రం, గదికొచ్చి బిస్కెట్లు తిని పడుకుంటాం. అలా ఒక రాత్రి నేను వెళ్ళకపోతే పొద్దున్న పిన్ని కౌంటరు దగ్గరే ఆపేసింది. "రాత్రి రానేదేటమ్మా? జొరమేటి?" జ్వరం లేదన్నాను. ఇంకో ఇడ్లీ వేసి పంపింది.

శుక్రవారం రాత్రి కాగానే సోంపేట రైలెక్కాలని ఉండేది నాకు. వారం వారం వెళ్ళేదాన్ని. ఒకసారి లెక్క కడుతూ పుస్తకం నా వైపు తిప్పి, "నీ శనాదివారాలన్నీ ఖాళీయే. స్నేహితులు దొరకనేదా?" అని అడిగింది. నిజంగానే దొరకలేదు అప్పటికి. డిగ్రీ తెలుగు మీడియం, ఇక్కడ క్లాసంతా ఇంగ్లీషు. నోరు తెరవాలంటే జంకు. ఆ ఆదివారం ఉండిపో, కోడికూర తిను అంది. ఉండిపోయాను. మా డిపార్ట్‌మెంట్ సీనియర్ అక్క అదే బల్ల దగ్గర పరిచయమైంది.

ఒక గురువారం సాయంత్రం పిన్ని శనగల గుగ్గిళ్ళు పెట్టింది. అక్క ఆరు శనగలు, కొన్ని అగ్గిపుల్లలు తీసుకుని సైక్లోహెక్సేన్ (ఆరు కార్బన్ల ఉంగరంలాంటి అణువు) కుర్చీ రూపం కట్టి చూపించింది, శనగంటే కార్బన్. ఒక్కో శనగకి రెండేసి పుల్లలు, ఒకటి నిలువుగా, ఒకటి పక్కకి. పెద్ద గ్రూపుని, అంటే పరమాణువుల గుంపుని, నిలువు పుల్లకి తగిలిస్తే అదే వైపున్న మిగతా రెండు నిలువు పుల్లలకి ఒరుసుకుంటుంది, అందుకే పక్కకి, అంటే ఈక్వటోరియల్ స్థానంలో ఉండటమే దానికి సుఖం. క్లాసులో బోర్డు మీద చూసి ఎక్కించుకున్నది వేరు, ఇది చేత్తో తిప్పి చూసి తెలుసుకున్నది. ఆ సెమిస్టర్ స్టీరియోకెమిస్ట్రీ (అణువుల ఆకారాల గురించిన) పేపరు నేను ధైర్యంగా రాశాను. సీనియర్ల పాత ప్రశ్నపత్రాలూ, రికార్డులూ ఆ బల్లల మీదే చేతులు మారతాయి.

ఎవరూ పలకరించకుండా, తోచినప్పుడు తిని వెళ్ళిపోవాలనుకునే వాళ్ళకి ఈ మెస్ సరిపడదు, పిన్ని ప్రశ్నలు ఇబ్బందిగా ఉంటాయి. ల్యాబ్ నుంచి రావడం కుదరని వాళ్ళు కేరేజీ ఇచ్చి వెళ్తే పదకొండున్నరకల్లా సర్ది ఉంచుతుంది. అమ్మాయిలు రాత్రి ఎనిమిదిన్నర లోపే తినేసి వెళ్ళండి, ఆ తర్వాత సందులో లైట్లు తక్కువ.

నేనైతే అయిదుకి నాలుగు ఇస్తాను. రాత్రి కూర మార్చిన రోజు మిగతా ఒకటీ ఇస్తాను. చేరడానికి ఒకటో తారీఖు దాకా ఆగక్కర్లేదు, నెల మధ్యలో చేరినా రోజుల లెక్కనే తీసుకుంటుంది. మాట్లాడటానికి మాత్రం మూడు దాటాక వెళ్ళండి. ఒంటిగంటన్నరకి వెళ్తే పిన్నికి తలెత్తే తీరిక ఉండదు.