షావోలాంగ్‌బావా, షెంగ్‌జియనా: షాంఘైలో ఒక్క పూటే ఉంటే ఏది తినాలి?

ఏటా జూన్‌లో షాంఘై పూడాంగ్‌లో పెద్ద ఫార్మా ఎగ్జిబిషన్ జరుగుతుంది. హైదరాబాద్ నుంచి చాలామంది వస్తారు. మీటింగులు, స్టాళ్ల చుట్టూ తిరగడం పోను వాళ్లకి మిగిలేది ఒక సాయంత్రమో, ఫ్లైటుకి ముందు ఒక పొద్దునో. 2025 నవంబరులో ఢిల్లీ–షాంఘై డైరెక్ట్ ఫ్లైట్లు మళ్లీ మొదలయ్యాక, ఊరికే చూసిపోదామని వచ్చేవాళ్లు కూడా మెసేజ్‌లు పెడుతున్నారు. తిప్పి తిప్పి అందరూ అడిగేది ఒకటే: రెండూ పిండిలో మాంసం పెట్టి చుట్టినవే, ఆవిరి మీద ఉడికించే షావోలాంగ్‌బావ్ తినాలా, పెనం మీద కాల్చే షెంగ్‌జియన్ తినాలా?

రెండింట్లోనూ లోపల ఉండేది మామూలుగా పంది మాంసమే. రొయ్యలని రాసి ఉన్నవాటిలో, పీతలని రాసి ఉన్నవాటిలో కూడా చాలాసార్లు పంది మాంసం కలిసే ఉంటుంది. అది పనికిరాదనుకునేవాళ్లు నేరుగా కింద చిల్లర సంగతుల దగ్గరకి వెళ్లిపోవచ్చు. మిగతావాళ్లకి నా జవాబు ముందే చెప్పేస్తున్నా: షెంగ్‌జియన్. ఎందుకంటే చెప్తాను.

అలాగని షావోలాంగ్‌బావ్‌ని తక్కువ చేసి మాట్లాడే ధైర్యం నాకు లేదు. షాంఘై శివారులోని నాన్‌షియాంగ్‌లో 1870ల్లో పుట్టిందని చెప్పుకునే వంట అది. పంది తోలు గంటలకొద్దీ ఉడికించి చల్లార్చితే గడ్డకట్టే జెల్లీని ముక్కలు చేసి ఖీమాలో కలుపుతారు. ఆవిరి తగలగానే అది కరిగి సూప్ అవుతుంది. పైన పిండి ఎంత పల్చగా ఉంటుందంటే, చాప్‌స్టిక్స్‌తో ఎత్తినప్పుడు సూప్ బరువుకి కిందికి సాగుతుంది, చిరగదు. పద్దెనిమిది మడతలు ఉండాలంటారు. నేనైతే మడతలు లెక్కపెట్టను. మడతలన్నీ కలిసే నడినెత్తిన పిండి ముద్దగా, పచ్చిగా తగిలిందా లేదా అనేదే చూస్తాను. అక్కడ పల్చగా ఉంటే చేసినవాడికి చెయ్యి తిరిగినట్టే. పక్కనే సన్నగా తరిగిన అల్లం, జెన్‌జియాంగ్ నల్ల వెనిగర్. ఆ పులుపు లేకపోతే మూడో దానికే కొవ్వు మొహం మొత్తుతుంది.

దీన్ని ఇక్కడివాళ్లు ఎంత సీరియస్‌గా తీసుకుంటారంటే, 2015లో ఇక్కడ ఉండే ఒక అమెరికన్ రచయిత డిజిటల్ కాటా, కాలిపర్ పట్టుకుని ఊళ్లోని యాభైకి పైగా హోటళ్లు తిరిగి, పిండి మందం, సూప్ బరువు కొలిచి ర్యాంకులు ఇచ్చాడు. నాకు ఆ పని నచ్చింది కానీ, కొలిచిన తీరే షావోలాంగ్‌బావ్‌తో నా పేచీ ఏమిటో చెప్పేస్తుంది. అందులో పిండి ఎంత పల్చగా ఉంటే అంత గొప్ప. అంటే పిండి ఉన్నట్టు తెలియకుండా ఉండాలి. సూప్‌ని పట్టుకుని ఉండే సంచిగా తప్ప దానికి వేరే పని లేదు.

సూప్ ఎంత ఉందనేది నాకు రెండో విషయం. పిండికి రుచి ఉందా అనేదే అసలు విషయం.

షెంగ్‌జియన్ పిండిని కొంచెం పులియబెడతారు. పులిసిన పిండి పీలుస్తుంది. లోపల జెల్లీ కరిగాక సూప్ కొంత అక్కడే నిలుస్తుంది, కొంత పిండి లోపలి పొరలోకి దిగుతుంది. పైభాగం ఆవిరికి మెత్తగా పొంగుతుంది. అడుగు నూనెలో వేగి ఎర్రగా, కరకరలాడుతూ ఉంటుంది. దిబ్బరొట్టె అడుగు ముక్క కోసం ఇంట్లో పోట్లాడుకున్నవాళ్లకి ఇంతకంటే విడమరిచి చెప్పక్కర్లేదు. ఒక్క కాటులో కరకర, మెత్తన, రసంలో నానిన పిండి మూడూ వస్తాయి. షావోలాంగ్‌బావ్‌లో మాంసం, సూప్ బాగుంటాయి, అంతే. షెంగ్‌జియన్‌లో వాటితోపాటు పిండి కూడా తినడానికే ఉంటుంది.

చిక్కు కూడా అక్కడే ఉంది. పిండి బాగా పులిస్తే సూప్ మొత్తం పీల్చేస్తుంది. సూప్ నిలవాలంటే పిండి పల్చగా, తక్కువ పులిసి ఉండాలి. రెండూ పూర్తిగా కుదరవు. అందుకే షాంఘైలో షెంగ్‌జియన్ చేసేవాళ్లు రెండు వర్గాలయ్యారు. 1932లో మొదలైన దా హు చున్‌ది పాత పద్ధతి: బాగా పులిసిన మందపాటి పిండి, లోపల జెల్లీ కలపని మాంసం, ఊరిన రసం తప్ప సూప్ ఉండదు. 1994లో వూజియాంగ్ రోడ్డులో చిన్న అంగడిగా మొదలై ఇప్పుడు ఊరంతా శాఖలున్న షావో యాంగ్‌ది రెండో దారి: పిండి పల్చన, సూప్ ఎక్కువ, కొరికితే ఎదుటివాడి చొక్కా మీద పడేంత. ఇక్కడి ముసలివాళ్లు మొదటిదానికి ఓటేస్తారు, టూరిస్టులు రెండోదానికి. నా ఓటు ముసలివాళ్లతోనే. కానీ ఒక్కసారే తినేవాళ్లకి షావో యాంగ్ రకమే చెప్తాను. సూప్ గురించి అంత విని వచ్చి, సూప్ లేనిది తింటే ఏదో పోగొట్టుకున్నట్టు ఉంటుంది మరి.

ఇంకో తేడా ఉంది, ఇది ఒక్క పూట మాత్రమే ఉన్నవాళ్లకి ముఖ్యం. షావోలాంగ్‌బావ్ ఆగదు. బుట్ట బల్ల మీదికి వచ్చాక ఫోటోలు తీసుకుంటూ కూర్చుంటే పిండి ఆరి బుట్ట అడుగున అంటుకుపోతుంది, ఎత్తితే చిరిగి సూప్ అంతా వెదురు సందుల్లోంచి కారిపోతుంది. చల్లారితే ఆ జెల్లీ గుణం మళ్లీ బయటపడి పెదాలకి జిగురు తగులుతుంది. షెంగ్‌జియన్ ఎదురు: దింపగానే తింటే నోరు కాలడం ఖాయం. ఐదు నిమిషాలు ఆగినా దానికి నష్టం లేదు, మీకు లాభం. పైభాగాన చిన్న చిల్లు కొరికి, ఆవిరి పోనిచ్చి, ముందు సూప్ పీల్చుకుని, తర్వాత మిగతాది. సాయంత్రం మీటింగ్ ఉంటే తెల్ల చొక్కాతో మాత్రం వెళ్లకండి.

ఇక చూడ్డానికి కూడా షెంగ్‌జియనే. షావోలాంగ్‌బావ్ ఆవిరి బుట్టల్లో మూతల కింద ఉడికిపోతుంది, మనకి పొగ తప్ప ఏమీ కనిపించదు. షెంగ్‌జియన్ అంగట్లో వెడల్పాటి నల్లటి ఇనప పెనం మన కళ్ల ముందే ఉంటుంది. వంటవాడు ఒకదానికొకటి ఆనుకునేలా వాటిని పెనం నిండా పేర్చి, నూనెలో కాసేపు వేగనిచ్చి, నీళ్లు పోసి బరువైన చెక్క మూత వేస్తాడు. ఇక అప్పటినుంచి పెనం అంచుని పట్టకారుతో పట్టుకుని కొంచెం కొంచెం తిప్పుతూనే ఉంటాడు, ఒకవైపే మాడకుండా. నీళ్లున్నంతసేపు బుసబుసలాడుతుంది. నీళ్లు ఇగిరాక చిటపట మొదలవుతుంది. ఆ శబ్దం మారిందంటే మూత తీసే వేళైనట్టే. గుప్పెడు నువ్వులు, గుప్పెడు ఉల్లికాడలు చల్లి, మళ్లీ ఒక్క క్షణం మూత.

కాబట్టి క్యూ పొడుగు చూసి బెదిరిపోకండి, పెనం వైపు చూడండి. పెనం దిగిందంటే ఒక్క దెబ్బకి సగం క్యూ కరిగిపోతుంది. క్యూ లేకుండా పెనం అంచున నాలుగైదు మిగిలి ఉన్నాయంటే అనుమానించాలి, అవి ఎప్పటివో. తర్వాతి వాయి దాకా ఆగడమే మేలు. అడిగేటప్పుడు లియాంగ్ లెక్కన అడగాలి. ఒక లియాంగ్ అంటే నాలుగు. అది యాభై గ్రాముల పిండి లెక్క, రేషన్ కూపన్ల కాలం నుంచి వస్తోంది. ఒక మనిషికి ఒక లియాంగ్ చాలు, ఆకలి బాగా ఉంటే రెండు. పక్కన ఒక గిన్నెడు కర్రీ సూప్ చెప్పుకోవడం ఇక్కడి అలవాటు. పసుపు రంగులో, గొడ్డు మాంసం ముక్కలతో ఉంటుంది, అది తిననివాళ్లు చూసుకోండి.

షావోలాంగ్‌బావే తింటామనేవాళ్లు యూ గార్డెన్ పక్కన, వంకర్ల వంతెన దగ్గరి నాన్‌షియాంగ్ హోటల్‌కే వెళ్తారు. 1900 నుంచి ఉన్న చోటు, కాదనను. కింద కిటికీ దగ్గర పార్సెల్ క్యూ, పైకి వెళ్లేకొద్దీ రేటు పెరుగుతుంది. నన్నడిగితే సగం రోజు ఖాళీ ఉన్నవాళ్లు మెట్రో 11వ లైన్ ఎక్కి నాన్‌షియాంగ్‌కే వెళ్లి, గూయీ గార్డెన్ దగ్గర తినడం నయం. తోట కూడా చూసినట్టుంటుంది. అంత టైం లేకపోతే ఏ పేటలోనైనా, ఆర్డర్ ఇచ్చాకే చుట్టి ఉడికించే చిన్న అంగడి వెతుక్కోండి. అద్దం వెనక నలుగురు ఆడవాళ్లు కూర్చుని చుడుతూ కనిపిస్తే లోపలికి వెళ్లొచ్చు.

చిల్లర సంగతులు. వాంటన్ సూప్ పొద్దున్నే కడుపుకి హాయి, దానికోసం షాంఘై రానక్కర్లేదు. గ్వోతియే కూడా పెనం మీదదే, పొడుగ్గా ఉంటుంది, షెంగ్‌జియన్ అయిపోతే అది తినండి. పంది మాంసం వద్దనుకునేవాళ్లకి పొద్దున పూట జియన్‌బింగ్ ఉంది: పల్చటి పిండి మీద గుడ్డు కొట్టి, సాస్ రాసి, కరకరలాడే అప్పడంలాంటిది పెట్టి మడిచి ఇస్తారు. సాసేజ్ వద్దని సైగ చేస్తే సరి. హలాల్ కావాలంటే ఆకుపచ్చ బోర్డులున్న లాన్‌జో నూడుల్స్ అంగళ్లు ఊరంతా ఉన్నాయి. శుద్ధ శాకాహారులు రోడ్డు పక్కన కూరగాయల బావ్ (ఆవిరి మీద ఉడికించిన బన్) చూసి మోసపోవద్దు, అందులో పంది కొవ్వు పడి ఉండొచ్చు. పశ్చిమ నాన్‌జింగ్ రోడ్డులో 1922 నుంచి నడుస్తున్న బౌద్ధ శాకాహార హోటల్ గోంగ్‌దెలిన్‌కి వెళ్లండి, టెన్షన్ ఉండదు.

రోడ్డు మీద తోపుడు బండ్లు ఇప్పుడు చాలావరకు లేవు. స్ట్రీట్ ఫుడ్ అంటే కిటికీలున్న చిన్న అంగళ్లే. మన యూపీఐ పనిచేస్తుందని ఆశపడకండి. ఇంటి దగ్గరే చైనా పేమెంట్ యాప్ అలీపే దించుకుని వీసా కార్డో మాస్టర్ కార్డో కలుపుకుని రండి. రెండు వందల యువాన్ల లోపు బిల్లుకి అదనపు చార్జీ కూడా పడదు, ఒక మనిషి టిఫిన్ అంత ఎక్కడా అవ్వదు.

అవ్వదు అన్నాను కానీ, శరదృతువు పీతల సంగతి వేరు. అక్టోబరు, నవంబరుల్లో వచ్చేవాళ్లకి నేను పైన చెప్పిందంతా తిరగబడుతుంది. అప్పుడు నదీ పీతలకి గుడ్లు, కొవ్వు పట్టే కాలం. ఆ పచ్చసొన రంగు కొవ్వు సూప్‌లో తేలుతూ ఉంటే, దానికి నూనెలో వేగిన అడుగు అడ్డం. పల్చటి పిండే కావాలి, అంటే షావోలాంగ్‌బావే. పంది మాంసం కలపకుండా అచ్చంగా పీతతోనే చేసింది ఒక బుట్ట వంద యువాన్లు దాటుతుంది. ఇద్దరు కలిసి ఒక బుట్ట చెప్పుకుని, ఆకలి మిగిలితే అప్పుడు షెంగ్‌జియన్ దగ్గరికి రండి.