రెండు పిడుల ఫ్లెషింగ్ కత్తి: చాలా శీతకాలాల వాడకం తర్వాత

కెనడాలోని ఉత్తర ఒంటారియోలో లైసెన్సు తీసుకుని బొచ్చుతోళ్ల కోసం జంతువులకు ఉచ్చులు వేసేవారికి అడవిలో గడిచే సమయం కంటే షెడ్డులో గడిచే సమయమే ఎక్కువ. బీవరైనా రకూనైనా (రెండూ ఇక్కడ బొచ్చు కోసం పట్టే జంతువులు), ఒలిచిన తోలు లోపలి వైపున ఉన్న కొవ్వును, మాంసపు పొరను పూర్తిగా తీసి, సాగదీసి ఆరబెట్టే దాకా అది సరుకు కాదు. కొవ్వు, మాంసం గీకి తీసే ఈ ‘ఫ్లెషింగ్’ పనికి నేను చాలా శీతకాలాలుగా ఒకే కత్తిని వాడుతున్నాను. దానికి రెండు చివరలా పిడులు, మధ్యలో కొద్దిగా వంపు తిరిగిన సుమారు అడుగు పొడవు అలుగు ఉంటాయి. అలుగుకు ఒక అంచు పదునైనది, రెండో అంచు మొద్దుది. భారతదేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షిత మృగాలకు ఉచ్చులు వేయడాన్ని నిషేధించింది కనుక, ఈ సమీక్ష కెనడా, అమెరికాల్లో శిక్షణ పొంది లైసెన్సు ఉన్న తెలుగువారిని ఉద్దేశించినదే.

కొత్తగా కొనేవారు సాధారణంగా పదునంచును చూసి కత్తి మంచిచెడ్డలు తేల్చుకుంటారు. ఇన్నేళ్ల వాడకంలో నేను గ్రహించినదేమంటే, ఈ కత్తి విలువ ముఖ్యంగా మొద్దంచులో ఉంది. రకూన్ తోలు మీద కొవ్వు దళసరిగా ఉంటుంది. దానిని కోయనక్కరలేదు, తోస్తే చాలు. తోలును బొచ్చు లోపలికి ఉండేలా ఫ్లెషింగ్ బీమ్ మీదికి, అంటే కోసుగా చెక్కిన చెక్క దిమ్మ మీదికి, తొడిగి, పొట్టతో దాని అంచును బీమ్‌కు అదిమిపట్టి, మొద్దంచుతో తల వైపు నుంచి తోక వైపుకు బలంగా తోస్తే కొవ్వు పొర చుట్టలు చుట్టుకుంటూ లేచిపోతుంది. అదే పని పదునంచుతో చేయబోతే వెంట్రుకల కుదుళ్లు తెగుతాయి. ఆ నష్టం షెడ్డులో కంటికి కనిపించదు. తోలు శుద్ధికి వెళ్లిన తర్వాత బొచ్చు కుచ్చులు కుచ్చులుగా ఊడినప్పుడే బయటపడుతుంది.

మన వైపు తోళ్లు శుద్ధి చేసే పద్ధతి తెలిసినవారికి ఇది మొదట తలకిందులుగా అనిపిస్తుంది. అక్కడ పశువుల తోళ్లను సున్నపు నీటిలో నానబెట్టి వెంట్రుకలను వదులు చేసి గీకేస్తారు. నిమ్మలకుంట తోలుబొమ్మల కళాకారులు వాడే మేకతోలు మీద కూడా వెంట్రుక మిగలకూడదు. ఇక్కడ వెంట్రుక కోసమే తోలును కాపాడతారు. వేలానికి పంపే పచ్చితోలుకు ఉప్పు కూడా పట్టించరు, గాలికే ఆరబెడతారు.

పదునంచు అవసరమయ్యే చోట్లు లేకపోలేదు. రకూన్ మెడ వెనుక, చెవుల కింద, గట్టి నరం లాంటి పొర ఒకటి ఉంటుంది. అది తోస్తే కదలదు. అలుగును తోలుకు దాదాపు సమాంతరంగా పడుకోబెట్టి పదునంచుతో ఆ పొరను కొంత వెడల్పున తెరిచి, వెంటనే కత్తిని తిప్పి మొద్దంచుతో కొనసాగించాలి. నా కత్తిలో నాకు అన్నిటికంటే నచ్చినది ఈ తిప్పుడే. పిడులు అలుగుకు సరిగ్గా ఒకే వరుసలో ఉండటం వల్ల, చేతులు తీయకుండా మణికట్టు తిప్పితే అంచు మారుతుంది. పిడులు ఒక అంచు వైపుకు వంగి ఉన్న కత్తులను కూడా వాడి చూశాను; వాటితో సాయంత్రానికి మణికట్లు నొప్పి పెడతాయి.

బీవర్ సంగతి వేరు. దాని మాంసపు పొర తోలును ఎంత గట్టిగా పట్టుకుని ఉంటుందంటే మొద్దంచు దాని మీద జారిపోతుంది. అక్కడ మొదటి నుంచి చివరి దాకా పదునంచే పని చేయాలి, అది కూడా మంగలి కత్తికి తీసిపోని పదునుతో ఉండాలి. బీవర్‌ను గొట్టంలా కాకుండా పొట్ట మీద చీల్చి విప్పి ఒలుస్తారు. శుభ్రం చేసిన తోలును ప్లైవుడ్ బల్ల మీద అండాకారంలో పరిచి, చుట్టూ దగ్గర దగ్గరగా మేకులు కొట్టి బిగిస్తారు. పొడవు, వెడల్పు కలిపి 65 అంగుళాలు దాటితే వర్తకులు దానిని ‘బ్లాంకెట్’ అంటారు. అంత పెద్ద తోలు మీద ఒక్క కోత పడినా గ్రేడు తగ్గుతుంది.

కత్తి ఎంత మంచిదైనా రెండు విషయాలలో సాయం చేయలేదు. మొదటిది బొచ్చులో చిక్కుకున్న ముళ్లకాయలు, ఎండిన బురద. తోలు కింద గింజంత గడ్డ ఉన్నా అలుగు అక్కడికి రాగానే తోలుకు చిల్లు పడుతుంది. అందుకని బొచ్చును ముందే దువ్వాలి, అవసరమైతే కడిగి ఆరనివ్వాలి. రెండవది బీమ్. గరుకు చెక్కతో, గాట్లు పడిన ముక్కుతో ఉన్న బీమ్ మీద ఖరీదైన కత్తి కూడా తోలును చింపుతుంది. కత్తికి ఖర్చు పెట్టే ముందు బీమ్‌ను నున్నగా చేయించుకోవడం, దాని ఎత్తును మన నడుముకు సరిచూసుకోవడం నా దృష్టిలో ఎక్కువ ముఖ్యం.

తోలు చల్లగా ఉన్నప్పుడు కొవ్వు గట్టిపడి చక్కగా లేస్తుంది. వేడెక్కితే నూనెగా మారి అలుగును జార్చి బొచ్చుకు అంటుతుంది. రంపపు పొట్టు దగ్గర ఉంచుకుంటే ఆ నూనెను పీలుస్తుంది. ఎక్కడైనా కొవ్వు మిగిలిపోతే ఆరిన తర్వాత అది తోలును లోలోపల కాల్చినట్టు పెళుసు చేస్తుంది. ఆరబెట్టే గది సుమారు 10 నుంచి 16 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. పొయ్యి దగ్గర ఆరబెట్టకూడదు.

ఈ జాగ్రత్తలకు విలువ ఇటీవల మరింత పెరిగింది. టొరంటోలోని పెద్ద వేలం సంస్థ నార్త్ అమెరికన్ ఫర్ ఆక్షన్స్ 2019లో అప్పులవారి నుంచి కోర్టు రక్షణ కోరి, తర్వాత మూతపడింది. ఇప్పుడు మాలాంటివారు ప్రధానంగా ఒంటారియోలోనే ఉన్న నార్త్ బే పట్టణంలోని వేలం మీదే ఆధారపడుతున్నారు. కొనేవారు తగ్గినచోట లోపమున్న తోలును ఎవరూ ముట్టుకోరు. ధర మాట అటుంచినా, ప్రాణం తీసిన జంతువు తోలును పాడుచేయడం తప్పని నేను గట్టిగా నమ్ముతాను. ఒంటారియో చట్టం కూడా పచ్చితోలును పాడవనివ్వడాన్ని నేరంగానే చూస్తుంది.

ఇన్నేళ్లలో కత్తిలో కనిపించిన లోపాలు రెండు. చెక్క పిడులు కొవ్వును పీల్చుకుని జారుడుగా తయారయ్యాయి. గరుకు గుడ్డ పట్టీ చుట్టుకుని వాడుతున్నాను. అలుగు కార్బన్ ఉక్కుది కనుక తుడవకుండా వదిలితే మర్నాటికే తుప్పు మచ్చలు వస్తాయి. దానికి ప్రతిగా సన్నటి సాన మీద నాలుగు రాపిళ్లకే పదును తిరిగి వస్తుంది. మొద్దంచును కూడా నెలకొకసారి వేలితో తడిమి, సూక్ష్మమైన గాటు తగిలినా ఎమెరీ కాగితంతో నున్నగా రుద్దుతాను. ఆ గాటు తోలంతటా గీత పెడుతుంది.

మస్క్‌రాట్‌లు, మింక్‌ల వంటి చిన్న జంతువులను మాత్రమే పట్టేవారికి నేను ఈ కత్తిని సిఫారసు చేయను. వాటి తోలు పలుచన. వీపు మీద ఉండే ఎర్రటి పొరను తీయకుండా వదిలేయడమే పద్ధతి. వాటికి చిన్న బీమ్, మొద్దుగా ఉన్న చిన్న గీకుడు కత్తి సరిపోతాయి. అయితే ఏ కత్తి పట్టినా చేతికి రబ్బరు తొడుగులు మానవద్దు. మస్క్‌రాట్, బీవర్‌ల నుంచి ట్యులరీమియా అనే జ్వరం చేతి మీది చిన్న గాయం ద్వారా కూడా మనకు సోకుతుంది.