దెగ్లూర్, బిలోలి వైపు "షాజహాన్ ఖంజర్" కొనేవాళ్లు జాగ్రత్త

నాందేడ్ సరిహద్దులో పాత సామాన్లు కొనే మనవాళ్లకు హెచ్చరిక. జేడ్ అనే గట్టి రాతి పిడికి కెంపులు, పచ్చలు పొదిగిన ఖంజర్ (బాకు) ఒకటి "షాజహాన్ కాలంది, కోనసముద్రం ఉక్కు" అంటూ తిప్పుతున్నారు. వస్తువు కొత్తది. కట్టిన అడ్వాన్స్ వెనక్కి రావడం లేదు.

ముందు కెంపులు చూడండి. 10 రెట్ల భూతద్దంలో రాయి లోపల వంపు తిరిగిన సన్న గీతలు, గుండ్రటి గాలి బుడగలు కనిపిస్తే అది కొలిమిలో కరిగించి చేసిన కెంపు. ఆ పద్ధతి 1902లో బయటికొచ్చింది. షాజహాన్ పోయింది 1666లో! కెంపులన్నీ ఒకే కొలతలో, మెరిసే కోతలతో ఉన్నా అనుమానించండి. మొగలాయి పనివాళ్లు రాయి పోకుండా, ఉన్న ఆకారాన్నే నున్నగా అరగదీసి వాడుకునేవారు.

తర్వాత పొదుగు. అసలు కుందనంలో, అంటే పాతకాలపు రాళ్ల పొదుగు పనిలో, మేలిమి బంగారు రేకును వేడి లేకుండానే రాయి చుట్టూ అదిమి కూరుతారు. మెత్తటి బంగారం తనకు తానే అతుక్కుంటుంది, అంచు నున్నగా దిగుతుంది. నకిలీలో ఎపాక్సీ జిగురు మీద బంగారు రంగు పూస్తారు. అతినీలలోహిత టార్చి వేస్తే చాలా ఎపాక్సీలు నీలితెల్లగా మెరుస్తాయి. నెయిల్ పాలిష్ రిమూవర్ అద్దిన దూదితో మారుమూల తుడిస్తే రంగు ఊడుతుంది. యజమానిని అడిగే చేయండి, రాళ్ల సందుల్లోకి పోనివ్వకండి.

అమ్మేవాళ్లు పిడిని గుండుసూదితో గీసి "గీత పడలేదు, జేడే" అంటారు. జేడ్‌లా కనిపించే మెత్తటి సర్పెంటైన్ రాయి అయితే ఆ సూదికి గీత పడుతుంది గానీ, గాజు అయితే పడకపోవచ్చు. వెలుతురుకు పట్టి బుడగలు, అచ్చు అతుకు గీత వెతకండి.

కోనసముద్రం మన నిజామాబాద్‌లోదే, ఒకప్పుడు పర్షియా వర్తకులు ఉక్కు కొన్న ఊరే. ఆ పేరు వింటే మనసు కరుగుతుంది, అమ్మేవాడికి కావలసిందీ అదే. అసలు ఉక్కులో నీటి అలల్లాంటి గీతలు లోహం లోపలి నుంచే వస్తాయి, పాలిష్‌తో పోయినా మళ్లీ ఆసిడ్ పెడితే తేలతాయి. ఆసిడ్‌తో పైపైన గీసిన డిజైన్ అరగదీస్తే పోతుంది, మళ్లీ రాదు.

ఖంజర్ అలుగు (పదునైన ఉక్కు భాగం) మీద పారసీ లిపిలో ఉన్న హిజ్రీ (ఇస్లామీ క్యాలెండర్) సంవత్సరం కూడా చదివించండి. షాజహాన్ ఏలుబడి 1628 నుంచి 1658 దాకా, అంటే హిజ్రీ 1037 నుంచి 1068. ఆయన పేరు పక్కన 1120 ఉంటే నవ్వి ఊరుకోండి. మంచి పని ఎలా ఉంటుందో కళ్లకు పట్టాలంటే హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో జేడ్ గది చూసి రండి.

వందేళ్లు దాటిన కళావస్తువు అమ్మే వ్యాపారికి 1972 పురావస్తు చట్టం కింద లైసెన్సు ఉండాలి. నంబరు అడిగితే, గంట ముందు షాజహాన్‌ది అన్నవాడే "ఇది నకలే కదా, లైసెన్సు ఎందుకు" అంటున్నాడు.