ఫార్ములాలు సరిచేసే యాడ్‌ఇన్ కొనేవాళ్లకు హెచ్చరిక

కెమిస్ట్రీ ప్రశ్నపత్రాలు, నోట్సు టైపు చేసే లెక్చరర్లు, డీటీపీ వాళ్లు ఒక్క నిమిషం ఆగండి. వర్డ్‌లో రసాయన ఫార్ములాలన్నీ ఒక్క క్లిక్కుతో వాటంతటవే సరైపోతాయన్న ప్రకటన చూసి ఒక యాడ్‌ఇన్ (వర్డ్‌కు అదనంగా జోడించుకునే చిన్న ప్రోగ్రాము) కొన్నాను. డబ్బు పోవడం ఒక ఎత్తు, ఫైళ్లు పాడవడం మరో ఎత్తు.

డెమోలో నీరు, సల్ఫ్యూరిక్ ఆమ్లం లాంటి తేలిక ఫార్ములాలే చూపిస్తారు. అయాన్ల దగ్గరికి వచ్చేసరికి అసలు సంగతి బయటపడుతుంది. ఫెర్రస్ అయాన్‌లో 2 ఆవేశం, పైన ఉండాలి. దాన్ని కిందికి దించేసింది. సల్ఫేట్‌లో 4 కింద, 2 పైన రావాలి. రెండూ కలిపి కింద 42 అని పెట్టింది. అంటే నలభై రెండు ఆక్సిజన్ పరమాణువులు. సపోర్టు వాళ్లను అడిగితే ఆవేశాల సెట్టింగు వేసుకోమన్నారు. వేస్తే ఫెర్రస్ బాగుపడింది కానీ ఓ2 ప్లస్ పాడైంది. బంధ క్రమం 2.5 అని పిల్లలు లెక్కగట్టాల్సిన అయాన్ అది, అందులో 2 పరమాణువుల సంఖ్య. అది పైకెక్కితే ప్రశ్నే తప్పు. టైపు చేసిన వరుస రెండింటికీ ఒకటే: మూలకం, 2, ప్లస్. ఆ తేడా కెమిస్ట్రీ తెలిసిన మనిషే పట్టాలి, అక్షరాలను మాత్రమే చూసే ప్రోగ్రాము పట్టలేదు.

ఇంకా పెద్ద చిక్కు ఉంది. ఇది అంకెలను సబ్‌స్క్రిప్ట్‌గా (కిందికి దించిన చిన్న అంకెగా) మార్చదు, వాటిని తీసేసి వేరే యూనికోడ్ చిన్న అంకెలు పెడుతుంది. నేను వాడే తెలుగు ఫాంటులో అవి లేవు, ప్రింటులో గళ్లు వచ్చాయి. యాడ్‌ఇన్ తీసేసినా ఆ అంకెలు అలాగే ఉంటాయి. యూనికోడ్ కాని అను ఫాంట్లలో ఉన్న పాత ఫైళ్ల మీద మాత్రం దీన్ని అసలు నడపకండి. తెర మీద తెలుగే కనిపించినా లోపల ఉండేవి ఇంగ్లిషు అక్షరాల సంకేతాలే, వాటినీ ఫార్ములాలనుకుంటుంది.

కొని తీరాల్సి వస్తే ముందు ట్రయల్ అడగండి, ఫైలు కాపీ మీదే నడపండి. ఫెర్రస్, సల్ఫేట్, ఓ2 ప్లస్ మూడూ టైపు చేసి చూడండి. నిజానికి వర్డ్‌లోనే కంట్రోల్‌తో సమానం గుర్తు నొక్కితే అంకె కిందికి, షిఫ్ట్ కూడా కలిపితే పైకి వెళ్తుంది. తరచూ వచ్చే ఫార్ములాను ఒకసారి సరిగా టైపు చేసి, ఫార్మాటింగుతో సహా ఆటోకరెక్ట్‌లో దాచుకోవచ్చు. పైసా ఖర్చు లేదు.

లైసెన్సు కీ వాడేశారు కాబట్టి డబ్బు వాపసు ఇవ్వబోమని కంపెనీ వాళ్లు చెప్పారు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు చేశాను.